ఎల్ బటన్ ఎటు పోయింది?

మా పాపకు పదో నెలలోనే అక్షరాభ్యాసం అయిపోయిందనీ, అదీ పలక మీద కాదు, కడుపులో అనీ మా హాలియాలో సగం మంది నమ్మిన రోజులున్నాయి. వాళ్లను నమ్మించింది నేనే. ఆ దెబ్బకు స్టేజీ కాని చోట ఒక బస్సు ఆగింది. ఒక డాక్టరు గారు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగిపోయారు. ఒక పెద్దమనిషి పన్ను కదిలింది. ఇంత ఉపద్రవానికీ మూలం బొటనవేలి గోరంత ప్లాస్టిక్ ముక్క. పాప ఇప్పుడే పడుకుంది, ఇల్లు సద్దుమణిగింది, కాబట్టి వరుసగా చెప్తాను.

పెళ్లికి ముందు నేను నల్లగొండలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు పోయేవాళ్లం. అక్కడ పాత కీబోర్డులుండేవి. ఒక్కొక్కటి రోలు పొత్రమంత బరువు. ప్రతి బటన్ కింద చిన్న స్ప్రింగు. కొడుతుంటే మంగలంలో జొన్నపేలాలు పేలినట్టు టకటకమని మోగేవి. తర్వాత తేలికపాటి కొత్తవి వచ్చాయి. వాటిని నొక్కితే తడిసిన చపాతీ పిండిని నొక్కినట్టే, చప్పుడు లేదు, చలనం లేదు. పాతవాటిని తుక్కు కింద పారేస్తుంటే ప్రాణం ఒప్పక మూడు అడిగి తెచ్చుకున్నాను. అత్తగారింటికి వచ్చేటప్పుడు సారె సామానుతో పాటు అవీ దిగాయి.

"గివేంది పిల్లా?" అంది మా అత్తమ్మ మూట విప్పి.

"కీబోర్డులత్తమ్మా. కంప్యూటర్ మీద టైపు కొట్టేటివి."

"మరి కంప్యూటరేది?"

"కంప్యూటర్ లేదు."

అత్తమ్మది ఆత్మకూర్ దగ్గర వ్యవసాయం చేసిన ఇల్లు. కాసేపు వాటిని తిరగేసి చూసి, "ఎడ్లు లేవు, బండి లేదు. కాడి మాత్రం మూడున్నయ్" అని తేల్చేసింది.

ఆమె చెప్పింది నిజమే. నాకు వాటితో పనేమీ లేదు. శుభ్రం చెయ్యడమే నా సరదా. సైకిల్ పుల్లను వంచి ఒక్కో బటన్ పెరికేదాన్ని. కింద ఏముంటుందో మీరు ఊహించలేరు. మురుకుల ముక్కలు, వెంట్రుకలు, అగర్‌బత్తి నుసి, దసరా ఆయుధపూజకు చల్లిన పసుపూ కుంకుమా! బటన్లను కుంకుడు రసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఎండబెట్టి, స్ప్రింగులకు కుట్టుమిషను నూనె ఒక్కో బొట్టు వేసి మళ్లీ బిగిస్తే, కీబోర్డు పెళ్లికూతురిలా తయారయ్యేది. నల్లగొండలో బోరు నీళ్లతో కడిగితే తెల్లటి పొర కట్టేది. హాలియాకు వచ్చాక సాగర్ కాల్వ నీళ్లతో కడిగితే ఏమి మెరుపు! కాల్వ ఆఫీసులో పనిచేసే ఆయనను చేసుకున్నందుకు నాకు కలిగిన మొదటి లాభం అదే.

ఇక నా గురించి ఒక మాట. పాప పుట్టాక నాకు భయం జబ్బు పట్టుకుంది. పాప తుమ్మితే జలుబు చేసిందని భయం. తుమ్మకపోతే జలుబు లోపలే ఉండిపోయిందని భయం. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని, అది కాస్తా లేచి ఏడిస్తే ఎందుకేడుస్తోందని మళ్లీ భయం. ఇది గుర్తుపెట్టుకుని ముందుకు పదండి.

అది ఎండాకాలం. అత్తమ్మా, కింది భాగంలో ఉండే ఇంటి యజమానురాలు రజియా చాచీ కలిసి మిద్దె మీద చాచీ పాత చీర పరిచి బియ్యప్పిండి వడియాలు పెట్టారు. రెండెండలు తగిలి అవి గలగలమంటున్నాయి. నేను కడిగిన బటన్లు తీసుకుని మిద్దెక్కాను. గచ్చు మీద పోస్తే ఆ వేడికి ప్లాస్టిక్ వంకరపోతుంది కదా! ఎంత ముందుచూపో చూడండి, వడియాల చీర అంచున కొంచెం జాగా చేసి అక్కడే పరిచేశాను. ఏళ్ల తరబడి వాడిన బటన్లు, తెలుపు పోయి మీగడ రంగుకు తిరిగాయి.

రజియా చాచీ వంగి చూసి, "అరే బేటీ, ఎంత సక్కగ పెట్టినవ్ వడియాలు! అచ్చు పోసినట్టున్నయ్" అంది.

"చాచీ, ఇవి వడియాలు కావు, బటన్లు."

"తినేటివి కావా?"

"కావు."

"మరి తినేటివాటి పక్కకెందుకు పెట్టినవ్?"

"జర సేపే చాచీ. ఎండినంక తీసేస్త."

మీరిప్పుడు ఏదో అనుకుంటున్నారు. నాకు తెలుసు. మీకున్న తెలివి ఆ రోజు నాకుంటే ఈ కథే లేదు.

పాప మిద్దె మీదే, మెట్ల గది నీడలో చాప మీద కూర్చుని ఉంది. కూర్చుని ఉంది అంటే, నేనటు తిరిగే లోపు పాక్కుంటూ చీర దగ్గరికి వచ్చి 'కె' బటన్ నోట్లో పెట్టుకుంది. వేలు పెట్టి బయటికి లాగాను. పాపను ఎత్తుకుని మళ్లీ చాప మీదికి చేర్చానో లేదో, పడమట నల్లగా కమ్ముకుని గాలిదుమారం లేచింది. టపటపమని చినుకులు. "వడియాలో! వడియాలో!" అని అత్తమ్మ ఒక కేక, "యా అల్లా!" అని చాచీ ఒక కేక. చీర ఆ కొస వాళ్లు, ఈ కొస నేను. చంకలో పాప, కొంగులో బటన్లు. ఎవరికి దొరికింది వాళ్లు ఊడ్చుకుని కిందికి పరుగెత్తాం.

వాన వెలిశాక బటన్లు బిగించడానికి కూర్చున్నాను. ఎ, ఎస్, డి, ఎఫ్... టకటక పడిపోతున్నాయి. జె పడింది. కె పడింది. కె పక్కన బొక్క మిగిలింది.

ఎల్ లేదు.

కొంగు దులిపాను. మిద్దె మీద, మెట్ల మీద, మోరీలో, వాకిట్లో నీళ్ల గుంటలో వెతికాను. లేదు. అప్పుడు పాప వైపు చూశాను. అది నా వైపు చూసి, నోరు తెరిచి, హాయిగా నవ్వింది.

"అత్తమ్మా! పాప ఎల్ మింగింది!"

"ఏం మింగింది?"

"బటన్! వానకు ముందు కె నోట్ల పెట్టుకుంది. నేనే తీసిన. కె పక్కదే గద ఎల్!"

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన సైకిల్ స్టాండు వేస్తూ, "అంటే వరుస తప్పకుంట మింగుతదా?" అన్నాడు.

"మీకు ఎగతాళి!"

"ఇల్లంత దేవులాడినవా?"

"దేవులాడిన. పాప కడుపే మిగిలింది."

"పిల్ల నవ్వుతాంది గదనే" అంది అత్తమ్మ. "మింగినోళ్లు గట్ల నవ్వుతరా?"

"లోపల గిలిగింతలు పెడ్తుందేమో అత్తమ్మా!" అని ఏడుపు అందుకున్నాను. నా ఏడుపు చూసి పాప కూడా అందుకుంది. ఇక ఆగలేదు. పాపను భుజాన వేసుకుని, సాక్ష్యానికి కె బటన్‌ను పెరికి గుప్పిట్లో పట్టుకుని రోడ్డెక్కాను. బస్టాండు దాకా పోయే ఓపిక లేదు. వెనక నుంచి వచ్చిన నల్లగొండ బస్సుకు నడిరోడ్డు మీద అడ్డంగా నిలబడ్డాను.

"పానం మీదికొచ్చిందా ఏంది?" అన్నాడు డ్రైవరు తల బయట పెట్టి.

"ఎల్ మింగిందన్నా!"

ఆయనకేం అర్థమైందో కానీ తలుపు తెరిపించాడు. వెనకే మా ఆయన పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. బస్సంతా సలహాలే. ఒకామె తన కొడుకు చింతగింజ మింగితే తెల్లారే వచ్చిందని చెప్పింది. ఇంకొకాయన, అది గింజ గనుక వచ్చింది, ఇది మిషను సామాను, చెప్పలేమన్నాడు. ఆయన దిగిపోయేదాకా నేను తలెత్తలేదు.

పిల్లల డాక్టరు గారు పాప గొంతు చూశారు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు, పొట్ట నొక్కారు.

"ఎంత సైజుంటదమ్మా?"

గుప్పిట విప్పి కె చూపించాను. "ఇది దాని పక్కింటిది సార్. అచ్చం గింతే."

"ఊపిరి బాగుంది. పాలు తాగుతుందా?"

"తాగుతుంది సార్. ఎక్స్‌రే తియ్యండి సార్."

"ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనపడదమ్మా."

"దాని మీద ఎల్ అని రాసుంది సార్. అక్షరమన్నా కనపడదా?"

అప్పుడే ఆయన కిటికీ వైపు తిరిగింది. చాలాసేపు బయట ఏదో చూశారు. నేనూ చూశాను. బయట గోడ తప్ప ఏమీ లేదు. మళ్లీ ఇటు తిరిగి, దగ్గు గానీ ఆయాసం గానీ వస్తే క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నారు. లేకపోతే అరటిపండు పెట్టి, దొడ్డికి పోయినప్పుడల్లా చూసి, కొన్నాళ్లకు మళ్లీ తెచ్చి చూపించమన్నారు. బి.ఎస్సీ. చదివి, కంప్యూటర్ కోర్సు చేసిన నేను ఆ తర్వాత కొన్నాళ్లు చేసిన ఉద్యోగం అదే. వివరాలు వద్దు. మీరు భోజనం చేసి కూర్చుని ఉంటారు.

పాపకేమీ కాలేదు. నాకే అయింది. అన్నం సయించలేదు. అది దగ్గితే ఎల్ గొంతులోకి వచ్చిందనుకునేదాన్ని. ఎక్కిళ్లు వస్తే ఎల్ అడ్డం తిరిగిందనుకునేదాన్ని. సరిగ్గా అప్పుడే పాప కొత్తగా "ల్ల ల్ల ల్ల" అనడం మొదలుపెట్టింది.

"విన్నరా? ఎల్ లోపలనే ఉన్నది!" అన్నాను.

"మంచిగనే ఉన్నది. బడి ఖర్సు లేకుంట అక్షరాభ్యాసం అయింది" అన్నాడు మా ఆయన. ఈ మాటను రజియా చాచీ దుకాణంలో చెప్పింది, దుకాణం ఊరికి చెప్పింది.

"ఫికర్ చెయ్యకు బేటీ. దర్గల మొక్కిన" అని చాచీ నా తల నిమిరింది. నేను మాత్రం మూడు కీబోర్డులనూ గోనెసంచిలో కట్టి అటకెక్కించాను.

కబురు ఆత్మకూర్ చేరేసరికి బాగా పెరిగింది. మా మామగారి అన్న, పెద్దమామ, పొద్దున్నే బస్సు దిగి గుమ్మంలోకి వస్తూనే, "పిల్ల కంప్యూటర్ మింగిందట గదా! ఎంతది మింగింది?" అన్నాడు.

"కంప్యూటర్ కాదు పెద్దమామా. బటన్."

"గంతేనా? నేను గింత దూరమొస్తి!"

ఇల్లు అలకగానే పండుగ కాదంటారు. మా ఇంట్లో పెద్దమామ వస్తే మాత్రం పండుగే. పప్పుచారు పెట్టాను. అత్తమ్మ డబ్బాలో ఉన్న వడియాలు తీసి ఇస్తే, మూకుట్లో నూనె కాగబెట్టి వేయించడానికి కూర్చున్నాను. ధ్యాసంతా అవతలి గదిలో పాప దగ్గు మీదే. గుప్పెడు తీసి నూనెలో వేస్తే అన్నీ మల్లెల్లా పొంగాయి. ఒక్కటి పొంగలేదు. మొండిగా అడుగున కూర్చుంది.

"అత్తమ్మా, ఒకటి పొంగుతలేదు."

"పచ్చిగున్నదేమో. వానకు తడిసినయ్ గద. ఇంకొంచెం వేగనియ్."

గరిటెతో అటూ ఇటూ తిప్పి ఇంకాసేపు వేయించాను. ఏదో వాసన వచ్చింది. నూనె మారిందనుకున్నాను. పొంగకపోయినా అంచులు కాస్త ముడుచుకున్నాయి. చాల్లే అని అన్నిటితో పాటు పళ్లెంలో వేసి తీసుకుపోయాను. అవి చల్లబడేలోపే పెద్దమామ సరిగ్గా దాన్నే ఎంచుకున్నాడు.

కటుక్కుమంది.

"అబ్బ! పన్ను!"

"ఏమైంది బావా?" అంది అత్తమ్మ.

పెద్దమామ నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. చారు అద్దినట్టు గోధుమరంగుకు తిరిగి, ఒక మూల ముడుచుకుని, మధ్యలో మాత్రం స్పష్టంగా ఉంది. ఎల్.

అవతలి గది నుంచి పాప "ల్ల ల్ల" అంది.

పెద్దమామ దవడ పట్టుకుని నన్ను చూసి, "పిల్ల మింగలేదు గని కోడలా, నన్ను మింగమని పెడ్తివి గదా!" అన్నాడు.

నేను పరుగెత్తి పాపను ఎత్తుకుని, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా దాని పొట్టను ముద్దు పెట్టుకున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన వాళ్ల గురించి పెద్దలు చెప్పారు. డబ్బాలో బటన్ పెట్టుకుని పిల్ల కడుపులో వెతికిన దాన్ని వాళ్లు చూడలేదు పాపం.

డాక్టరు గారు మళ్లీ చూపించమన్నారు కదా, ఒప్పుకున్న మాట కోసం పోయాను.

"బయటికొచ్చిందా అమ్మా?"

"వచ్చింది సార్."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. అన్నం తింటుంటే."

"ఏమన్నా ఇబ్బంది పడ్డదా?"

"పాప పడలేదు సార్. మా పెద్దమామ పన్ను కదిలింది."

ఆయన కలం కింద పెట్టారు. నేను మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. మూకుడు దాకా వచ్చేసరికి ఆయన కుర్చీ మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

కీబోర్డులు అటక దిగాయి. వేగిన ఎల్‌ను కుంకుడు రసంలో రెండుసార్లు కడిగి దాని చోటులో బిగించాను. వంకరగా ఉన్నా పని చేస్తుంది. ఏం పని అని అడక్కండి, కంప్యూటర్ ఇప్పటికీ లేదు. పాప మారాం చేస్తే ఒళ్లో పెట్టుకుని టకటక కొడతాను, ఆ చప్పుడుకు నిద్రపోతుంది. ఎల్ కొట్టినప్పుడల్లా కాస్త వడియాల వాసన.

కాబట్టి మా పాప మీద, పెద్దమామ పన్ను మీద, రజియా చాచీ చీర మీద ఒట్టు వేసి చెప్తున్నాను. ఈ జన్మలో కీబోర్డు బటన్లను వడియాల పక్కన ఎండబెట్టను. చల్ల మిరపకాయల పక్కన ఎండబెట్టడం గురించి అత్తమ్మా, నేనూ ఇంకా ఒక మాటకు రాలేదు.