పందిరెక్కని కాయ

పక్కింటి పెద్దమ్మ నిన్న తెల్లవారి లేవలేదు. ఆమె కోడలు వచ్చి చెప్పగానే ఏడుపొచ్చింది. ఆ వెంటనే, నిజం చెబుతున్నాను, మనసు తేలికపడింది. మంచాన పడి ఒకరి చేతి కూడు తినాల్సి వస్తుందేమోనని ఆమెకు ఎప్పుడూ దిగులు. ఆ గతి పట్టకుండానే వెళ్లిపోయింది.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఊరు. నేను కాపురానికొచ్చిన ఐదో ఏడు వానలు ముఖం చాటేశాయి. కూరకు ఆకు కూడా దొరకలేదు. నా పిల్లలిద్దరూ రాగిసంగటిని ఉప్పూకారంతో మింగేవాళ్లు. అప్పుడే గ్రామసేవకుడొకాయన పెద్దమ్మకు గుప్పెడు గింజలిచ్చి, "దీన్ని జుకినీ అంటారు, తొందరగా కాస్తుంది" అని చెప్పి పోయాడు. ఆ మనిషి మళ్లీ మా ఊరి దిక్కు రాలేదు.

గింజ చూస్తే సొరగింజలాగే ఉంది, తీగే కదా అనుకుని, పెద్దమ్మ సొరపాదుకు వేసినట్టే గుంజలు పాతి పందిరి వేసింది. ఆ మొక్క పైకి చూస్తేనా! నేలమీదే గుబురుగా కూర్చుని, పచ్చని పొడుగాటి కాయలు కాసింది. చూడవచ్చినవాళ్లు తలా ఒక పేరు పెట్టారు. దర్జీ సాయిబు వాళ్ల మాటలో సొరకాయ అన్నట్టు కద్దూ అన్నాడు. కన్నడ సరిహద్దు గుమ్మఘట్ట పిల్ల అయిన పెద్దమ్మ కోడలు దోసకాయలా ఉందని సౌతెకాయ అంది. మా అత్త మాత్రం, "పందిరెక్కని తీగ యాడన్నా ఉండాదా? పిల్లోళ్లకు పెట్టొద్దు" అని తేల్చేసింది.

పెద్దమ్మ వాదానికి దిగలేదు. సొరకాయైనా దోసకాయైనా ముందు ముక్క కొరికి చేదు చూడటం ఆమె అలవాటు. దీన్నీ కొరికింది.

"చేదు లేదు. పేరుదేముందిలేమ్మా, ఆకలైన కడుపు పేరు అడుగుతాదా? ముందు నేను తింటా. రేపు పొద్దున లేస్తే మీరూ వండుకోండి."

అన్నట్టే పప్పులో వేసుకుని గిన్నెడు తినేసింది.

మర్నాడు తెల్లవారుతూనే బయటికొచ్చి చూశాను. ఆమె తలుపు మూసే ఉంది. నా పిల్లల కూర కోసం ఈమెను పోగొట్టుకున్నానా అనుకున్నాను. అంతలో పందిరి వెనకనుంచి చీపురు చప్పుడు.

"ఏమే, సచ్చినానేమో అని చూస్తాండావా? పో, రెండు కాయలు కోసుకో పో."

నవ్వాలో తిట్టాలో తెలియక ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. ఆ పూట నా పిల్లలు సంగటి మళ్లీ అడిగి పెట్టించుకున్నారు. ఆ కాయ మా ఊళ్లో పెద్దమ్మకాయ అయింది. పందిరిని ఆమె పీకనివ్వలేదు.

నిన్న కూడా, కోడలు రాకముందు, అలవాటుగా అటు చూశాను. తలుపు మూసి ఉంది. చీపురు పందిరి గుంజకు ఆనించి ఉంది. ఆ చప్పుడు కోసం కాసేపు అక్కడే నిలబడ్డాను.