నొప్పి ఉండాదా?

తొమ్మిదేళ్ళపాటు మా అత్త పొద్దున్నే నన్ను అడిగిన మొదటి మాట అదే. కాఫీ తాగావా అని కాదు, నిద్ర పట్టిందా అని కాదు. పెరట్లో పళ్ళు తోముకుంటూ, తల కూడా తిప్పకుండా, "నొప్పి ఉండాదా?" అనేది. ఉంది అనేదాన్ని. "సరే" అని నోరు పుక్కిలించి తన పని చూసుకునేది. ఆ 'సరే' వింటే నాకు ఒళ్ళు మండేది. నడుములో మొదలై ఎడమ పిరుదు మీదుగా మడమ దాకా నరం గుంజేస్తుంటే, ఎదుటి మనిషి సరే అనడం ఏమిటి? ఒకసారి మా ఆయనతో అనేశాను కూడా, నేను కుంటుతూ ఉంటేనే మీ అమ్మకు కళ్ళు చల్లగా ఉంటాయేమో అని. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మా అత్తాకోడళ్ళ మధ్య ఊరుకోవడం ఆయనకు బాగా అలవాటు.

మాది నగరి. ఇంటిని ఆనుకునే రేకుల షెడ్డు, అందులో నాలుగు మరమగ్గాలు. మగ్గాలు ఆయన చూసుకుంటాడు, కండెలు నేను చుడతాను. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో ఒక చిన్న కర్ర ఉంటుంది, దాని మీద నూలు చుట్టి పెట్టాలి, అదే కండె. కూర్చుని చేసే పనే కదా అంటారు చూసినవాళ్ళు. వాళ్ళను ఒక పూట ఆ పీట మీద కూర్చోబెట్టాలి. పెళ్ళైన మూడో ఏట, షెడ్డులో మగవాళ్ళెవరూ లేనప్పుడు, పడుగు చుట్టిన బీము ఒకటి నేనే ఎత్తబోయాను. ఎవరూ ఎత్తమనలేదు, పొగరు అంతే. నడుములో కలుక్కుమంది. ఆ కలుక్కు ఇప్పటిదాకా పోలేదు.

మొదట్లో నొప్పి ఎక్కువైన ప్రతిసారీ ఇంక నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ భయంతోనే మా ఆయన్ను మూడుసార్లు క్యాజువాలిటీకి పరిగెత్తించాను. మొదటిసారి సూది వేసి పంపించారు. రెండోసారి ఒక కుర్ర డాక్టరు, పదికి ఎంత నొప్పి అని అడిగాడు. పది అన్నాను. ఆయన నన్ను పైనించి కిందికి చూసి, పదైతే ఇట్లా కూర్చుని మాట్లాడలేవమ్మా అన్నాడు. మూడోసారి లోపలికి అడుగు పెట్టగానే నర్సు గుర్తు పట్టి, మళ్ళీ వచ్చావా అంది. ఆ మాట కోపంగా కూడా అనలేదు, అలసటగా అంది. బయటికొచ్చి ఆటో ఎక్కేటప్పుడు మా ఆయన, మగ్గాలు పొద్దుటినుంచి ఆగిపోయి ఉన్నాయని ఊరికే అన్నాడు. ఊరికే అన్నాడని నాకూ తెలుసు. అయినా ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటినుంచి నాకు నేనే ఒక లెక్క పెట్టుకున్నాను. పదికి ఎంత అని అడిగితే నాకు తెలియదు గానీ, ఎన్ని కండెలు చుట్టగలను అంటే తెలుసు. బుట్ట నిండితే మంచి రోజు. సగం బుట్టకే లేచి పడుకోవాల్సి వస్తే మామూలు రోజు. పది కండెలు కూడా కాకపోతే చెడ్డ రోజు, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఒక్క కండె కూడా చుట్టలేని రోజు వస్తే, అప్పుడు పెద్దాసుపత్రి. ఈ లెక్క మా ఆయనకు కూడా నచ్చింది. డాక్టర్లు పెట్టే లెక్కకంటే ఇదే నయం అనేవాడు. నేను కూడా తెలివైనదాన్నే అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఆ లెక్క కూలిపోయింది. వారం రోజులుగా నొప్పి ఇంతకు ముందెప్పుడూ లేనట్టు చంపేస్తోంది. ఎడమ కాలితో పాటు కుడి కాలు కూడా లాగడం మొదలుపెట్టింది. అది కొత్త. కొత్తదని తెలుసు, కానీ నా లెక్కలో కాళ్ళు లేవు, కండెలే ఉన్నాయి. రోజుకు పదిహేను చుడుతున్నాను కాబట్టి ఆసుపత్రి రోజు ఇంకా రాలేదనుకున్నాను. కూర్చోలేను, పడుకోలేను, నిలబడితే గోడ కావాలి. ఇల్లంతా తిరిగేదాన్ని. ఇప్పుడు పోదామా, కాసేపు చూద్దామా, పోతే ఏమంటారు, పోకపోతే ఏమవుతుంది, ఇదే గోల బుర్రలో. మా ఆయన ఏదన్నా అడిగితే కసురుకునేదాన్ని, అడగకపోతే అంతకంటే ఎక్కువ కసురుకునేదాన్ని.

ఎనిమిదో రోజు పొద్దున లేచేసరికి నొప్పి లేదు.

మంచం మీద కూర్చుని నమ్మలేకపోయాను. ఇటు తిరిగాను, అటు తిరిగాను. ఏమీ లేదు. షెడ్డుకు పోయి పీట మీద కూర్చున్నాను. కింద మెత్తటి దిండు ఏదో ఉన్నట్టు అనిపించింది. వంగి చూస్తే ఉత్త చెక్కపీట. పట్టించుకోలేదు, చేతులు వాటంతటవే పోతున్నాయి. మధ్యాహ్నం పన్నెండు కాకుండానే బుట్ట నిండింది. ముందురోజు పక్కింటామె రుద్దిన నూనె గొప్పదని కాసేపు, తిరుమల మెట్లెక్కుతానని మొక్కుకున్నందుకు స్వామి చల్లగా చూశాడని కాసేపు అనుకున్నాను. మా ఆయన బుట్ట చూసి మురిసిపోయాడు. వచ్చే వారం పాకాలలో వాళ్ళ అక్క కూతురి పెళ్ళి. బస్సులో కూర్చోలేనని రానన్నదాన్ని, ఇప్పుడు వస్తానన్నాను. ఏ చీర కట్టుకోవాలో కూడా మగ్గాల మోతలో అరిచి చెప్పాను.

ఆ పొద్దున అత్త చిత్తూరు నుంచి ఇంకా రాలేదు. బంధువులింట్లో చావు పరామర్శకు పోయి, మధ్యాహ్నం బస్సుకు దిగింది. నేను వంటింట్లో అన్నం వారుస్తున్నాను. గుమ్మంలో నిలబడి, సంచి కూడా దించకుండా, ఎప్పటి మాటే అడిగింది. నాకు ఎంత హుషారో. తొమ్మిదేళ్ళకు ఆమె నోరు మూయించే జవాబు దొరికింది.

"లేదత్తా. పూర్తిగా పోయింది."

సరే అంటుందనుకున్నాను. అనలేదు. నా మొహం చూడలేదు, కింద చూస్తోంది.

"నీ ఎడం కాలి చెప్పు యాడుండాది?"

చూసుకున్నాను. కుడి కాలి చెప్పు విప్పకుండానే లోపలికి వచ్చేశాను, ఎడమ కాలు ఉత్తది. షెడ్డు నుంచి వంటింటిదాకా ఆ ఎండలో, పెరటి నాపరాళ్ళ మీద ఒట్టి కాలితో నడిచి వచ్చాను. కాలు కాలలేదు. అంటే కాలే ఉంటుంది, నాకే తెలియలేదు. అత్త బయటికి పోయి షెడ్డు గడప దగ్గర పడి ఉన్న చెప్పు తెచ్చి నా ముందు పెట్టి, వేసుకోమంది. వేళ్ళు పైకి లేవలేదు. లే అని చెబుతున్నాను, అవి వినడం లేదు.

"ఒంటికి ఎప్పుడు పోయినావు?"

ఆలోచించాను. పొద్దున కూర్చున్నాను, ఒక్క చుక్కా రాలేదు. ఎండలకు నీళ్ళు చాలక అనుకున్నాను. అంతకుముందు, నిన్న సాయంత్రం. ఇంకా ఏదేదో అడిగింది. కూర్చున్న చోట స్పర్శ తెలుస్తోందా అని కూడా అడిగింది, ఆడవాళ్ళం కూడా మాట్లాడుకోని చోటి గురించి. దిండు మీద కూర్చున్నట్టుంది అన్నాను. ఆమె అప్పుడు సంచి దించింది.

తరవాత షెడ్డులోకి పోయి మెయిన్ స్విచ్చి కిందికి లాగేసింది. నాలుగు మగ్గాలూ ఒకేసారి ఆగిపోయాయి. నేత నడుస్తున్న మగ్గాన్ని మా ఇంట్లో మధ్యలో అట్లా ఆపరు. మామ పోయిన రోజు ఆపారు, మళ్ళీ ఆ రోజే. ఆ నిశ్శబ్దానికి పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. మా ఆయన ఏం జరిగిందని పరిగెత్తుకొచ్చాడు. ఆసుపత్రికి పోవాలి, ఇప్పుడే, తిరుపతికి అంది అత్త.

ఆయనకు అర్థం కాలేదు. నిజానికి నాకూ కాలేదు. నొప్పితో మెలికలు తిరిగినప్పుడే మూడుసార్లు మొహం వాచేలా చీవాట్లు పెట్టారు, ఇప్పుడు నొప్పి లేదని పోతే ఏమంటారు అన్నాడు ఆయన. నేనూ ఆయన పక్షమే. ఆ నర్సు మొహం కళ్ళ ముందు ఆడుతోంది. రేపు పొద్దున్నే ఓపీకి పోదాం, చీటీ తీసుకుని మర్యాదగా చూపించుకుందాం అన్నాను. ఇదంతా నన్ను మళ్ళీ రోగిష్టిదాన్ని చేయడానికేనని లోపల కోపం కూడా వచ్చింది. ఒక్క పూట సంతోషంగా ఉంటే ఓర్చుకోలేదనుకున్నాను.

అప్పుడు చెప్పింది అత్త. గూడూరులో ఆమెకు ఒక చెల్లెలు ఉండేదట. నిమ్మకాయల మండీలో గోతాలు మోసేది. ఏళ్ళ తరబడి నడుము నొప్పి. ఒక రోజు పొద్దున నొప్పి పోయిందని ఊరంతా చెప్పుకుంది, ఇంట్లో పాయసం వండారు. మూడో రోజుకు కాళ్ళు పడిపోయాయి. అప్పటినుంచి పోయేదాకా నేల మీద పాకుతూనే ఉంది, గుడ్డలు మార్చింది మా అత్తే.

"నువ్వు ఉండాదన్నప్పుడల్లా నాకు పానం కుదుటపడేది. ఉండేంత వరకు బయం లేదని. ఈ సంగతి నోటితో అనగూడదని ఇన్నేండ్లు మింగినాను. చెడ్డమాట ఇంట్లో అంటే జరుగుతాదని."

మా ఆయన చొక్కా తగిలించుకుని పరిగెత్తాడు. వీధిలో వాళ్ళ కారు అడిగి తెచ్చాడు.

నగరి నుంచి తిరుపతి ఎంతో దూరం కాదు. ఆ రోజు మాత్రం పుత్తూరు దాటడానికే ఒక జన్మ పట్టినట్టుంది. ముందు యాత్రికుల బస్సులు, వెనక లారీలు. వెనక సీట్లో నా కాళ్ళు అత్త ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కుతూ, ఇది తెలస్తాందా, ఇది తెలస్తాందా అని అడుగుతూనే ఉంది. కొన్నిటికి తెలుస్తోంది అని అబద్ధం చెప్పాను. ఆమె చేతుల మీద నా చూపు పడకుండా కిటికీలోంచి చూశాను. నొప్పీ, మళ్ళీ రా అని మనసులో పిలిచాను. తొమ్మిదేళ్ళు పొమ్మని మొక్కినదాన్ని, ఆ దారంతా రమ్మని మొక్కుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో చీటీ రాసే నర్సు, నొప్పి ఎంత అని అడిగింది. లేదు అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, మరెందుకొచ్చారు అంది. నేను తల వంచుకున్నాను. అత్త వంచుకోలేదు. చెప్పు జారిపోయిన సంగతి, ఒంటికి రాని సంగతి, కూర్చునే చోట తిమ్మిరి సంగతి వరసగా చెప్పింది. నర్సు మళ్ళీ పెన్ను ముట్టుకోలేదు, లేచి లోపలికి పరిగెత్తింది. డాక్టరమ్మ వచ్చి అరికాలు గీసింది, సూదితో అక్కడక్కడ పొడిచింది, కడుపు కింద నొక్కింది. గొట్టం వేస్తే సంచి నిండిపోయింది. అంత నీళ్ళు లోపల పెట్టుకుని నేను చీరల గురించి మాట్లాడానా అని నాకే వింతగా అనిపించింది. స్కాను తీశారు. డిస్కు జారి నరాల కట్టను మొత్తంగా నొక్కేసిందన్నారు. ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు.

తరవాత డాక్టరమ్మ తీరిగ్గా చెప్పింది. నొప్పి ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే మోసపోతారట, అది ఎట్లా మారిందో చూడాలట. రెండో కాలికి పాకినా, పాదం లేవకపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, ఒంటికీ రెంటికీ పోవడం తేడా వచ్చినా, నొప్పితో పాటు జ్వరం తగిలినా, రేపటి చీటీ కోసం ఆగకూడదంది. అనవసరంగా వచ్చారని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ, వచ్చి వెనక్కి పోవడమే మంచిదంది. తెల్లారిదాకా ఆగి ఉంటే అని ఏదో చెప్పబోయి ఆపేసింది. 

నాలుగో రోజు మడమలో చురుక్కుమంది. మళ్ళీ చురుక్కుమంది. నేను ఏడుస్తుంటే నర్సు సూది తెచ్చింది. కాసేపు ఆగమన్నాను. గొట్టం తీసేశాక ఒంటికి దానంతటదే రావడానికి చాలా రోజులు పట్టింది. అది వచ్చిన రోజు బాత్‌రూము తలుపు బయట అత్త చెవి పెట్టి నిలబడింది, ఆ చప్పుడు విని వార్డంతా వినేలా గోవిందా అంది. సిగ్గుతో అరగంట బయటికి రాలేదు నేను.

ఇంటికొచ్చాక పొద్దున్నే అడిగే మాట మారింది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఉత్త కండె మొనతో కాలి వేళ్ళను తాకి ఏ వేలో చెప్పమంటుంది. చిటికెన వేలు ఇప్పటికీ మొద్దుబారే ఉంది, అది పోయిందనే అనుకుంటున్నాం. మిగతావి చెబుతాను. చెప్పేంత వరకు తను కాఫీ ముట్టదు.

మూడు నెలల తరవాత ఒక పొద్దున నాకు తిక్క పుట్టింది. బొటనవేలు మీద మొన స్పష్టంగా తెలుస్తోంది. అయినా కళ్ళు మూసుకునే, ఏమీ తెలియడం లేదత్తా అన్నాను. ఇంకో వేలు తాకింది. అదీ తెలియడం లేదన్నాను. ఏమంటుందోనని నవ్వు ఆపుకుంటున్నాను. ఏమీ అనలేదు. కళ్ళు తెరిచేసరికి అరుగు మీద కండె పడి ఉంది, షెడ్డులో మెయిన్ లాగేసినట్టుంది, మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి, అత్త చెప్పులు లేకుండా వీధిలో పోతోంది, కారున్న వాళ్ళింటి వైపు. పిలిచాను. వినిపించుకోలేదు. లేచి పరిగెత్తాను. నాలుగో ఇంటి దగ్గర అందుకుని చెయ్యి పట్టుకున్నాను.

"ఊరికే అన్నానత్తా. అన్నీ తెలుస్తున్నాయి."

ఆమె నన్ను తిట్టడానికి నోరు తెరిచింది. కానీ చూపు నా మొహం మీద లేదు. నా కాళ్ళను చూసింది, వెనక్కి తిరిగి మా గుమ్మందాకా చూసింది, మళ్ళీ నా కాళ్ళను చూసింది.

"పరిగెత్తినావే," అంది.

ఆ వీధి మధ్యలోనే కూలబడి ఏడ్చింది.