బాబాయి తెచ్చిన అంగోలా అడుగులు

దామంజోడి కాలనీ క్లబ్బు బోర్డు మీద మొన్న ఒక కాగితం అంటించారు. ఆదివారం నుంచి కిజోంబా నేర్పుతారట, జంటగా రావాలట. పక్క క్వార్టరు అమ్మాయి "ఇదేం డాన్సు ఆంటీ?" అని అడిగింది. నాకు తెలుసంటే నమ్మలేదు. నిజానికి నాకు తెలిసింది మాత్రం ఎంత, రాయగడలో మా పిన్ని ఇంటి హాల్లో ఒక మధ్యాహ్నం చూసినంత వరకే.

మా బాబాయి రైల్వేలో మెకానిక్కు. పట్టాలు తప్ప లోకం తెలియని మనిషి ఏదో కాంట్రాక్టు మీద అంగోలా వెళ్ళి, రెండేళ్ళకి తిరిగొచ్చాడు. బంధువులంతా బంగారం తెస్తాడనుకుంటే ఫోను నిండా పాటలు తెచ్చాడు. నేను సెలవులకని వెళ్ళినప్పుడు, బెండకాయలు తరుగుతున్న పిన్నిని హాల్లోకి పిలిచి, "ఇలా రాయే, నీకూ నేర్పుతాను" అన్నాడు. ఫోనులో ఒక కిజోంబా పాట పెట్టి, ముందు దాని పుట్టుక చెప్పాడు. అంగోలా వాళ్ళ పాత సెంబా పాట, కరీబియన్ దీవుల జూక్ సంగీతం కలిసి కిజోంబా అయిందట. ఆ దీవుల్లో వాయించేదీ ఒకప్పుడు ఆఫ్రికా నుంచి ఓడల్లో బానిసలుగా ఎత్తుకుపోయిన వాళ్ళ మనవలేనట. ఎవరు ఎవరికి పెద్దో, ఎవరు చిన్నో అర్థం కాక నా బుర్ర తిరిగింది. పిన్ని మాత్రం బాబాయి మొహంలోకి చూస్తూ, "అయితే పోయిన పాటే తిరిగొచ్చింది. పోయింది పోయినట్టే వచ్చిందేటి?" అంది. అడిగింది పాట గురించి కాదని నాకే తెలిసిపోయింది.

"జంట లేకుండా రాదంటన్నావు గదా. ఎవుల్ని పట్టుకుని నేర్సుకున్నావు?"

బాబాయి ముందు ఇంటి ఓనరమ్మ అన్నాడు, ముసలావిడట. మళ్ళీ మాట మార్చి, పని కేంపులో కుర్రోళ్ళు అన్నాడు. పిన్ని మొహం వాడిపోయింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అయినా బాబాయి పిన్ని నడుం మీద చెయ్యేశాడు. పిన్ని చటుక్కున వెనక్కి తగ్గింది. మొగుడు ఎదురొస్తే పెళ్ళాం దారిచ్చి తప్పుకోవడం మా ఇళ్ళలో అలవాటు. తీరా చూస్తే బాబాయి కూడా వెనక్కే అడుగేశాడు. మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ ఇద్దరూ వెనక్కే. చేతులు సాగిపోయి, దుప్పటి మడతపెట్టే వాళ్ళలా నిలబడ్డారు. మగవాళ్ళు ముందుకే వెళ్ళాలేమో అని నేను సణిగాను. బాబాయి చెమట తుడుచుకుంటూ, "నాకు ఎనక్కెళ్ళడమే వచ్చమ్మి. అక్కడ నన్నే తిప్పేవోరు" అన్నాడు.

తిప్పింది ముసలావిడో, కుర్రాళ్ళో, ఇంకెవరో. ఇక గొడవే అనుకున్నాను. పిన్ని బెండకాయ జిగురు చేతులు కొంగుకి తుడుచుకుని, ఆయన భుజం పట్టుకుని, "అయితే నేనే ముందుకొస్తాను. నువ్వు ఎనక్కి నడు" అంది. అలా గోడ దాకా నెట్టుకుపోయింది. గోడ తగిలాక కూడా వదల్లేదు. ఆయన భుజానికి తల ఆన్చి ఏడ్చింది, బాబాయీ ఏడ్చాడు. ఫోనులో ఇంకో పాట మొదలైంది.

ఎవరితో నేర్చుకున్నాడన్న మాట పిన్ని మళ్ళీ ఎత్తలేదు. అప్పటి పిన్ని వయసు ఇప్పుడు నాది. జవాబు తెలియలేదని ఆ రోజు నేనెంత తల్లడిల్లిపోయానో బాగా గుర్తుంది. తెలిస్తే దాంతో ఏం చేద్దామనుకున్నానో మాత్రం, ఇన్నేళ్ళు గడిచాక, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.