నా ముక్కు చేసిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారని పోయిన ఆదివారం పొద్దున ఫోను వచ్చింది. ఆమె దగ్గర చాలాకాలం పనిచేసిన నర్సక్క చేసింది. "నిద్రలోనే పోయినారు పాపా. మొగం చూస్తే నవ్వుతాండట్లే ఉండాది," అంది. ఏడుస్తూనే అద్దం దగ్గరికి వెళ్లి నా ముక్కు చూసుకున్నాను. ఈ ముక్కు ఆమె చేసిందే.

మాది గుమ్మఘట్ట దగ్గర పల్లె. నాయనకు గొర్రెలున్నాయి. టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చి, ఒకరోజు నాయనతో గుట్టకు పోయాను. బండల సందులో పిల్లలతో ఉన్న ఎలుగుబంటిని మేమిద్దరమూ చూడలేదు. అది నా మీద పడింది. నాయన కట్టెతో కొట్టి, అరిచి తరిమేసరికి నా ముక్కు సగానికి పైగా పోయింది. ప్రాణం దక్కింది, అదే చాలన్నారు అందరూ. నాకు చాలలేదు. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే మొహం పోయిందని తువ్వాలు కప్పుకుని పడుకున్నాను.

అనంతపురం ఆసుపత్రిలో ఆ తువ్వాలు తీసింది డాక్టరమ్మ. మొహం చిట్లించలేదు. కొత్త చీర అంచు చూసినట్టు దగ్గరగా, ఇష్టంగా చూసి, "చేస్తాం పాపా, ముక్కు చేస్తాం," అన్నారు.

నాయన వెంటనే పంచె పైకి లాగాడు. "నా తొడ తోలు తీసుకోమ్మా. ఎంత కావల్లంటే అంత తీసుకో."

"నీ తోలు పాప ఒంటికి పట్టదన్నా. పాప తొడదే తెచ్చినా రంగు కలవదు, అతుకేసినట్ల కనపడుతాది. మొగానికి మొగం తోలే కావల్ల. పక్కిల్లు ఉండంగా పొరుగూరికి పోయి అడుక్కుంటామా?" అని నా నుదుటి మీద వేలితో తట్టారు. "ఈడుండాది, కావల్సినంత."

నుదుటి మీద పెన్నుతో గీసే ముందు, కుట్టుదారం ప్యాకెట్టు రేకును కత్తిరించి, ముక్కులా వంచి నా చేతిలో పెట్టారు. "అచ్చం ఇట్లే వస్తాది. నచ్చిందా? ఇప్పుడే చెప్పు, తర్వాత బేరాల్లేవు." ఎలుగుబంటి తర్వాత నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. ఇంకొంచెం సన్నగా ఉంటే బాగుంటుందన్నాను. నిజంగానే మళ్లీ కత్తిరించారు.

ఆపరేషనులో నుదుటి చర్మాన్ని పూర్తిగా కోయకుండా, కనుబొమ దగ్గర ఒక కాడ వదిలి, కిందికి తిప్పి ముక్కుగా కుట్టారు. కొన్ని వారాలు ఆ కాడ నా కళ్ల మధ్యనే ఉండాలి. ఆ మొహంతో వార్డు దాటనని మొండికేశాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, గేటు ముందు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి దగ్గరికి లాక్కెళ్లారు.

బండాయన నన్ను చూసి గరిటె ఆపేశాడు. "ఏమమ్మా, మొగానికి ఆ పైపేంది?"

"డ్రిప్పు పైపప్పా," అన్నారామె, మిరపకాయ బజ్జీ కొరుకుతూ. "కొత్త మొక్కకు నెత్తురు పారుతాండాది. వేరు పట్టినాక పైపు తీసేస్తాం."

ఆయనకు ఊళ్లో డ్రిప్పుతో నీళ్లు పారే చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉందట. వెంటనే అర్థమైపోయింది. "అట్లయితే ఎరువు గూడా పడల్ల గదా," అని నా ప్లేటులో ఇంకో బజ్జీ వేశాడు. మరునాటి నుంచి నేనే వెళ్లి తిని వచ్చేదాన్ని.

కాడ కోసేశాక ఒక వింత జరిగింది. ముక్కు మీద ఈగ వాలితే నాకు నుదుటి మీద వాలినట్టుండేది. నేను నుదురు కొట్టుకుంటుంటే అది ముక్కు మీద హాయిగా కూర్చునేది. ఈ సంగతి చెబితే డాక్టరమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "తోలు ఇల్లు మారిందని తలకాయకు ఇంగా తెలీదు పాపా. మెల్లగా తెలుస్తాదిలే." తెలిసింది కూడా.

ఇప్పుడు నేను టీచరును. నుదుటి మీద ఆ గీతేమిటని కొత్త పిల్లలు అడుగుతారు. కథంతా చెబుతాను. వాళ్లకు ఎలుగుబంటి కంటే డ్రిప్పు పైపే ఎక్కువ నచ్చుతుంది. ఏటా మా క్లాసు ఫోటో డాక్టరమ్మకు పంపితే, "ముక్కు బాగుండాది. వెనక వరసలో పిల్లోడు నిద్రపోతాండాడు, వాణ్ని చూసుకో," అనేవారు.

ఆమె సొంతూరు శింగనమల. చివరి చూపుకు వెళ్తే, ఇంటి ముందు నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. కానీ మొహాలు చూడగానే పోల్చుకున్నాను. ఒకామెకు కనురెప్ప, ఒకాయనకు చెంప, అన్నీ ఆ చేతి పనే.

"నీదేడినుంచి తీసినారు?" అని కనురెప్ప కుట్టించుకున్నామె అడిగింది.

"నుదుటి నుంచి. నీదక్కా?"

"ఈడే, కణత పక్కన."

దుఃఖంలోనే జుట్టు తొలగించి, గడ్డాలెత్తి ఒకరి గీతలు ఒకరికి చూపించుకున్నాం. అందరికీ టీ ఇస్తున్న డాక్టరమ్మ చెల్లెలు, "మా అక్క ఉండింటే మిమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి కుట్లు చూసేది," అంది. అందరమూ నవ్వేశాం.

అక్కడే ఒక గొర్రెల కాపరి పెద్దాయన ఉన్నాడు. పుండు తినేసిన కింది పెదవిని చెంప చర్మంతో చేశారట. "ఈల వస్తాదా పెద్దనాయనా?" అని అడిగాను.

"రాకేమే!" అని టీ గ్లాసు కింద పెట్టి, పెదవులు బిగించి గట్టిగా ఈల వేశాడు. దూరంగా చెరువు కట్ట మీద ఎవరివో గొర్రెలు పోతున్నాయి. మంద మొత్తం ఆగి, తలలెత్తి మా వైపు చూసింది.