శామీర్‌పేట వాలుగ

చేపల శాఖ నన్ను మేడ్చల్ ప్రాంతానికి అభివృద్ధి అధికారిగా వేసిన ఏడాది, తొలకరి వానల్లో జరిగిన సంగతి ఇది. నిషేధించిన ఆఫ్రికా మార్పు అనే మీసాల చేప ఎక్కడ కనబడినా పట్టుకుని, గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలని మాకు ఆదేశం. ఆ కాగితంలో మాత్రం "క్యాట్‌ఫిష్" అని రాసి ఊరుకున్నారు. మీసాలున్న ఏ చేపనైనా ఇంగ్లీషులో అలాగే అంటారు. అదే కొంప ముంచింది.

అలియాబాద్ రోడ్డు పక్కన మీసాల చేప అమ్ముతున్నారని ఎవరో ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికే మా ఫీల్డ్‌మన్ గొయ్యి తవ్వించేశాడు. చేపలమ్మే లచ్చవ్వ తడి గోనెసంచి మీద రెండు చేతులూ వేసి కూర్చుంది.

"మీసాలుంటే పాతిపెడ్తరా సారూ? గట్లయితే మా ఆయనకు గూడ మీసాలున్నయి, పట్కపోండ్రి!" అని అరుస్తోంది.

సంచి తీశాను. అబ్బ, వాలుగ! నిలబెడితే నా నడుము దాటుతుంది, ఇంకా ప్రాణంతో ఉంది. పొలుసులేని వెండి ఒళ్లు, కంటి వెనక దాకా చీలిన నోరు, లోపలికి వంగిన సన్నటి పళ్లు. మార్పుకు నాలుగు జతల మీసాలు, వీపు పొడుగునా రెక్క. దీనికి మీసాలు రెండే జతలు, వీపు రెక్క చిటికెన వేలంత. ఎండాకాలమంతా మడుగులో కదలకుండా పడుకుని, చీకటి పడ్డాకే వేటాడుతుంది. తొలి వరద తగలగానే గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంది. మన చెరువుల్లో పుట్టిన దొర అది. సర్వీసంతా చేపలతో గడిపినా అంతటి వాలుగను అంత దగ్గరగా చూడలేదు, ఒళ్లు పులకరించింది.

వెంటనే గొయ్యి పూడ్పించాను. కడుపు నిమిరితే గుడ్లు నిండుగా తగిలాయి. శామీర్‌పేట చెరువులో వదిలెయ్యమని లచ్చవ్వను అడిగాను.

"మంచిగుంది సారూ! ఇప్పటిదాంక మీరే పాతిపెడ్తమంటిరి. గది తప్పు గాదు, నేనమ్ముకుంటె తప్పా?"

వాలుగను పట్టొద్దనే నిబంధన ఏదీ మాకివ్వలేదు. ఇంతలో కొత్త కాలనీలో ఉండే గోదావరి వైపు దంపతులు బేరానికి వచ్చారు. బేరం కుదిరి, లచ్చవ్వ కత్తిపీట మీద కోస్తుంటే గుడ్లు బయటపడగానే, "అబ్బ, జనతో ఉందండీ! అది మాకే ఇవ్వండి" అని ఆవిడ ఆ గుడ్లు చూసి మురిసిపోయింది.

ఆదేశంలో "ఆఫ్రికా మార్పు" అని తెలుగులో రాయించాను. జాతి గుర్తుపట్టడం వల్ల లచ్చవ్వ బేరం దక్కింది, వాలుగ దక్కలేదు. తర్వాత ప్రతి ఏడూ తొలకరికి ముందే మత్స్యకారుల సంఘానికి వెళ్లి, ఎదురెక్కే వాలుగలను వదలమని అడిగేవాణ్ణి. కొందరు విన్నారు, కొందరు వినలేదు. వల ఎత్తాక చేప వాళ్లది. మనం మాట్లాడాల్సింది వల వేయకముందు.