సెవెరియానో చెప్పని సాక్ష్యం

మా లోయలో, దేవుడు తనను ఎలా మార్చాడో నలుగురి ముందు చెప్పే సాక్ష్యం అంటే సెవెరియానోదే. పచోమాన్ సంఘంలోనే కాదు, కొండ అవతలి సంఘాల్లో కూడా అదే మాట. ఆదివారం పాటలయ్యాక పాస్టరు ఎఫ్రాయిన్ అయ్యగారు "ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" అని అడగ్గానే తలలన్నీ మగవాళ్ళ వైపు కూర్చున్న సెవెరియానో మీదికి తిరిగేవి. అతను కాసేపు నేలచూపులు చూసి, ఎవరో బలవంతం చేసినట్టు లేచేవాడు. ఆ నేలచూపులు కూడా సాక్ష్యంలో భాగమేనని అతని భార్య తోమసాకి తెలుసు.

మనిషి ముల్లంగి, ఉల్లి పండించుకునే రైతు. బడికి వెళ్ళింది తక్కువ. కానీ నోరు విప్పితే తాగి తిరిగిన రోజుల్ని కళ్ళకు కట్టేవాడు. జాతరలో నాట్యానికి అద్దెకు తెచ్చిన రాజు వేషంతో, మొహాన కొయ్య ముసుగుతో ఊరంతా ఊరేగి, చివరికి పందుల దొడ్లో పడుకుని, పక్కనున్న పందిని "మహారాణీ, కొంచెం జరుగు" అని బతిమాలుకున్న కథ చెప్పేవాడు. తోమసా నెలల తరబడి నేసుకున్న పావడాని సారా కొట్లో ఇచ్చి సీసాలు తెచ్చుకున్న కథ చెప్పేవాడు. ఆఖరికి కొండ మీద పిడుగు పడటం, ఆ వెలుగులో ప్రభువు తనను పేరు పెట్టి పిలవటం. మహారాణి దగ్గర జనం పడీపడీ నవ్వేవారు. పావడా దగ్గర ఆడవాళ్ళు శాలువా అంచుతో కళ్ళొత్తుకునేవారు. పిడుగు దగ్గర మందిరమంతా లేచి హల్లెలూయ అనేది.

పావడా మాట వచ్చినప్పుడల్లా తోమసా తల వంచుకునేది. భక్తి అనుకునేవారు పక్కన కూర్చున్నవాళ్ళు.

తాగుడు మానిన కొత్తల్లో సెవెరియానోకి ఇంకో అలవాటుండేది. తెల్లవారుజామున ఇంటి వెనక, ఎండిన మొక్కజొన్న చొప్ప పక్కన మోకరించేవాడు. మాటలు తక్కువ. "ప్రభువా, వచ్చాను" అనేవాడు, అంతే, అలా ఉండిపోయేవాడు. అప్పుడొక సంతోషం కలిగేది. సారా ఇచ్చే సంతోషం కేకలు పెట్టి వచ్చేది, తెల్లారేసరికి చెప్పకుండా పోయేది. ఇది అలా కాదు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్న వాసన ఇంటిని పట్టుకుని ఉన్నట్టు, రోజంతా మనిషిని పట్టుకుని ఉండేది. మడిలో కలుపు తీస్తున్నా ఉండేది, సంతలో బేరం పోయినా ఉండేది.

ఈమధ్య అది లేదు. మోకరిస్తే కళ్ళ ముందు జనం కనబడేవారు. ప్రార్థన మొదలుపెట్టిన నోరు దారి తప్పి, 'పంది సంగతి ముందు చెప్పి, ఆ నవ్వు ఆరకముందే పావడా ఎత్తుకుంటే బాగుంటుంది' అని లెక్కలు వేసేది. దేవుడితో మాట్లాడదామని కూర్చుని మనుషులతో మాట్లాడి లేచేవాడు. లోపల ఏదో ఎండిపోతోందని అతనికి తెలుసు. ఊరంతా దేవుని మనిషి అంటున్నవాడు, దేవుడి ఊసు తనకు వినబడటం లేదని ఎవరితో చెప్పుకుంటాడు?

అటువంటప్పుడు పట్నంలో ఉజ్జీవ కూటాలు పెట్టారు. "చివరి సాయంత్రం నీదే, సెవెరియానో అన్నా" అన్నారు అయ్యగారు. సెవెరియానో పొంగిపోయాడు. కొత్త టోపీ కొనుక్కున్నాడు. అంతమంది ముందు చెప్తే, అంతమంది హల్లెలూయ అంటే, ఆ పాత సంతోషం తప్పకుండా తిరిగి వస్తుందని ఆశ పెట్టుకున్నాడు. అప్పటికీ రాకపోతే ఏమిటన్నది ఆలోచించటానికి కూడా భయపడ్డాడు.

ఆ రోజు పొద్దున తోమసా పెనం మీద రొట్టెలు వేస్తూ అడిగింది.

"ఏవేవి చెప్తావు?"

"అన్నీను. పెద్ద కూటం కదా."

"పావడాది కూడానా?"

"అది లేకపోతే ఆడవాళ్ళు ఏడవరే!"

"ఎందుకూ ఏడవటం? దానికి నేనొకదాన్ని ఏడ్చాను, చాలదా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. రొట్టె తిరగేసింది.

మధ్యాహ్నం దాటాక, చొక్కా తొడుక్కుని టోపీ దులుపుకుంటుంటే గుమ్మంలో నీడ పడింది. గస్పార్. సెవెరియానో పెద్ద కూతురికి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి. ఆ చుట్టరికంతో ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటారు. చుట్టరికం కంటే ముందు సారా కలిపింది ఇద్దర్నీ. ఊళ్ళో జాతర అయిపోయి చాలా రోజులైనా గస్పార్ జాతర మాత్రం అవలేదు. గడప దాటకుండా ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా, కొంపాద్రే? వద్దంటే పోతాను."

"రా, రా. ఏంటయ్యా ఈ అవతారం?"

"అవతారమేముంది? నీ మహారాణికి అటుపక్కన పడుకున్నవాణ్ణి. నీ కథలో నా పేరు చెప్పవు కానీ, ఆ రాత్రి చలికి వణికింది నేను కూడానయ్యా."

నవ్వబోయాడు కానీ పళ్ళు టకటకలాడాయి. తోమసా పీట వేసింది. కూర్చుని, వణుకుతున్న చేతుల్ని మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"ఫ్రాన్సిస్కా పిల్లల్ని తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. పొద్దుట్నుంచి చుక్క ముట్టుకోలేదు. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఈ ఒక్కపూట నా దగ్గర కూర్చో, కొంపాద్రే. ఒక్కణ్ణే ఉంటే ఈ కాళ్ళు నన్నడక్కుండా అక్కడికే తీసుకుపోతాయి."

"సరిగ్గా మంచి రోజున వచ్చావు!" అన్నాడు సెవెరియానో. "బండి వస్తోంది, చోటుంది. కూటానికి పోదాం రా. నా సాక్ష్యం విను, నీ మనసు మారకపోతే అప్పుడడుగు."

"విన్నాను."

"ఎప్పుడు విన్నావు? మందిరం గడప తొక్కావా ఎప్పుడైనా?"

"తొక్కక్కర్లేదు. మీ మైకు సారా కొట్టు దాకా మోగుతుంది. నువ్వు లేచావంటే కొట్టావిడ రేడియో కట్టేస్తుంది. అందరం గ్లాసులు కింద పెట్టి వింటాం."

సెవెరియానో మొహం ఒక్క క్షణం వెలిగింది. దాచుకుందామన్నా దాగలేదు.

"మరి? విన్నాక ఏమనిపించింది?"

"చెప్తే కోపం తెచ్చుకోవు కదా?"

"చెప్పు."

"తాగాలనిపిస్తుంది." గస్పార్ మాటలో వెక్కిరింత లేదు. ఒంట్లో నొప్పి ఎక్కడో చెప్తున్నవాడిలా చెప్పాడు. "అంత బాగా చెప్తావు మరి. ఆ సన్నాయి, ఆ డోలు, మొదటి గుక్క గొంతులో దిగటం... నోరూరుతుంది. నీ మాటలయ్యేసరికి ఇంకో సీసా తెప్పించుకుంటాం."

తోమసా లేచి, మూలనున్న కట్టెల్లోంచి ఒక మోపు చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆవిరిస్నానం చేసే ఆవిరిగదిలో పొయ్యి వెలిగించటానికని సెవెరియానోకి అర్థమైంది. అతను వణుకుతూ ఇంటికొచ్చిన రోజుల్లో కూడా ఆమె అడక్కుండా అదే చేసేది. ఆ సంగతి సాక్ష్యంలో ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు తట్టింది.

బయట హారన్ మోగింది. పికప్ బండిలో ముందు అయ్యగారు, వెనక సంఘంవాళ్ళు నిలబడి ఉన్నారు. గిటారు వాయించే లూసియో కేకేశాడు.

"ఏం అన్నా, పెళ్ళికొడుకులా ముస్తాబవుతున్నావా? పెళ్ళికూతురు పారిపోగలదు, త్వరగా రా!"

సెవెరియానో టోపీ చేత్తో పట్టుకుని బండి దాకా నడిచాడు. వెనక తలుపు తెరిచే ఉంది. ఎవరో చెయ్యి కూడా అందించారు.

"నేను రాలేను, అయ్యగారూ."

"అదేమిటన్నా! అన్ని సంఘాలవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. కరపత్రంలో నీ పేరు వేశారు."

"ఇంట్లో మనిషి ఉన్నాడండి."

లూసియో మెడ సాచి చూశాడు. "ఎవరూ, గస్పారా? రేపైనా దొరుకుతాడన్నా, ఎక్కడికి పోతాడు? వాడి తాగుడు ఎటూ పోదు."

"రేపటి సంగతి నాకు తెలీదు తమ్ముడూ. ఇవాళ తాగలేదు."

అయ్యగారు అతని మొహంలోకి కాసేపు చూశారు. "సరే. మీ ఇద్దరి కోసం ప్రార్థన చేయిస్తాను" అని డ్రైవరు భుజం తట్టారు. బండి కదులుతుంటే లూసియో మళ్ళీ అరిచాడు.

"పోనీ, పిడుగు సంగతి నన్ను చెప్పమంటావా?"

"వద్దు" అన్నాడు సెవెరియానో.

గొప్ప పని చేశానని అతనికి అనిపించలేదు. బండి మలుపు తిరిగాక, లేచిన దుమ్ములో నిలబడి మనసులో అందర్నీ తిట్టుకున్నాడు. ఈ రోజే దొరికిందా వీడికి అని గస్పార్‌ని తిట్టుకున్నాడు. ఈ రోజే పంపాలా అని దేవుణ్ణి కూడా కొంచెం తిట్టుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఆవిరిగది మట్టి ఇటుకల చిన్న గూడు. పాకుతూ లోపలికి వెళ్ళాలి, లోపల నిటారుగా కూర్చోవటానికి కూడా కుదరదు. రాళ్ళు ఎర్రగా కాలాయి. గస్పార్ చేతులు సాగక గుండీలు విప్పుకోలేకపోతే సెవెరియానో విప్పాడు. చంటిపిల్లాణ్ణి దించినట్టు అతన్ని లోపలికి దించాడు. తోమసా గుమ్మంలోంచి మొహం అటు తిప్పుకుని ఆకుల కట్ట, నీళ్ళ కుండ అందించింది. నీళ్ళు పడగానే రాళ్ళు బుస్సుమన్నాయి. సెవెరియానో ఆకులు తడిపి అతని వీపు మీద మెల్లగా తట్టాడు. గస్పార్ కక్కుకుంటే కడిగాడు. ఏడిస్తే ఊరుకున్నాడు.

"ఏదో ఒకటి చెప్పు, కొంపాద్రే. నువ్వు మాట్లాడకపోతే భయంగా ఉంది."

సెవెరియానో నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా అడక్కుండానే వచ్చి వాలిన కథ ఒక్కటీ రాలేదు. రాజు వేషం రాలేదు, పంది రాలేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పనిదొకటి బయటికి వచ్చింది.

"పిడుగు పడలేదు."

"ఏంటీ?"

"ఆ రోజు పిడుగు పడలేదు, గస్పార్. అసలు వానే లేదు. పొద్దున్న లేచేసరికి తోమసా నా తలగడ పక్కన జావ గిన్నె పెట్టి పొలానికి పోయింది. తిట్టలేదు. జావ ఇంకా వెచ్చగానే ఉంది. అది తాగుతూ, 'ప్రభువా, ఇంక నా వల్ల కాదు, నువ్వే చూసుకో' అన్నాను."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, గిన్నె కడిగి పెట్టాను."

"అంతేనా?"

"అంతే."

ఆవిరి పల్చబడింది.

"అది నేను కూడా అనగలనే" అన్నాడు గస్పార్. "పిడుగు నాబోటివాడి కోసం పడదులే అని ఊరుకున్నాను ఇన్నాళ్ళూ."

అలా అని, అక్కడే, పళ్ళు కొట్టుకుంటుండగా ఆ మాటే ప్రభువుతో అన్నాడు. సగం మాటలు సెవెరియానోకి వినబడలేదు. అవి తనతో చెప్తున్నవి కావు కాబట్టి వినాల్సిన పని కూడా లేదు. పైకప్పు కిందికి ఉండటంతో తల వంచుకుని మోకాళ్ళ మీదే ఉన్నాడు. కాసేపటికి గమనించాడు, కళ్ళ ముందు జనం లేరు. తర్వాత ఏం చెప్పాలన్న తొందర లేదు. చీకటి, వెచ్చదనం, పక్కన ఒక మనిషి ఊపిరి. ప్రభువుతో కలిపి ముగ్గురూ అక్కడ ఇరుక్కుని కూర్చున్నట్టు అనిపించింది అతనికి. పట్నంలో వెతుక్కోబోయినది ఎప్పుడు లోపలికి వచ్చి కూర్చుందో చూడనే లేదు.

బయటికి వచ్చాక తోమసా ఇద్దరికీ దుప్పట్లు కప్పి జావ ఇచ్చింది. గస్పార్ గిన్నె పట్టుకోలేకపోతే అడుగున తను చెయ్యి పెట్టింది.

"తోమసా, ఆ పావడా సంగతి..." అని మొదలుపెట్టాడు సెవెరియానో.

"ముందు తాగు. చల్లారిపోతుంది" అంది. మాట మామూలుగానే ఉంది. కానీ వెళ్ళిపోకుండా అతని పక్కనే గట్టు మీద కూర్చుంది, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

గస్పార్ ఒక్క రోజులో బాగుపడలేదు. మొక్కజొన్న విత్తే రోజుల్లో ఒకసారి జారాడు. తనంతట తానే వచ్చి ఆవిరిగది గుమ్మం ముందు కూర్చున్నాడు. వానలు వెలిశాక ఫ్రాన్సిస్కా పిల్లల్ని తీసుకుని తిరిగి వచ్చింది. సెవెరియానో ఆ మరుసటి ఆదివారం లేచి జావ గిన్నె సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, పిడుగు తాను కల్పించిందేనని ఒప్పుకుని కూర్చున్నాడు. అయ్యగారు "ఆమెన్" అన్నారు. "ఉప్పు తగ్గిందన్నా" అన్నాడు లూసియో. కొండ అవతలి సంఘాలు మెల్లగా పిలవటం మానేశాయి. కొన్ని ఆదివారాలు అతనికి నాలుక దురద పెట్టిన మాట నిజం. బల్ల అంచు పట్టుకుని కూర్చునేవాడు.

ఇప్పుడు గస్పార్ పక్క మళ్ళు కౌలుకి చేస్తున్నాడు. ఇద్దరూ కలిసి కాలువలో దిగి, పొడుగు పిడి ఉన్న, చేటల్లాంటి కొయ్య పారలతో ముల్లంగికి నీళ్ళు చిమ్ముతారు. చాలా రోజులు గస్పారే ముందు వస్తాడు. ఇంటి వెనక చొప్ప పక్కన మోకరించి ఉన్న మనిషిని గట్టు మీంచి చూసి, కాసేపు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక కేకేస్తాడు.

"కొంపాద్రే! ఆయనకు నా వందనాలు కూడా చెప్పి రా, ఎండెక్కుతోంది!"

"చెప్తున్నా" అంటాడు సెవెరియానో కళ్ళు తెరవకుండా. లేవటానికి ఇంకాసేపు పడుతుంది.