ఎదురింటి మామయ్య చెప్పని నేపాల్

నా చిన్నప్పుడు మా అశోక్‌నగర్ గల్లీ మొత్తానికి పరాయి దేశం చూసొచ్చిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన మా ఎదురింటి మామయ్య. పెళ్లికి ముందు ఒక దోస్తుతో కలిసి, సైకిళ్లు రైల్లో వేసుకుని సరిహద్దు దాకా పోయి, అక్కడి నుంచి నేపాల్ కొండలు ఎక్కారట. సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుంటే చాలు, నేనూ మా తమ్ముడూ పుస్తకాలు పక్కన పడేసి చేరిపోయేవాళ్లం. ఎత్తులో సైకిలు తోసుకుంటూ నడవడం, ఉప్పేసిన చాయ్ తాగి మొహం చిట్లించుకోవడం, దిగేటప్పుడు బ్రేకులు పట్టవని వెనక చెట్టుకొమ్మ కట్టి ఈడ్చుకుంటూ రావడం, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పేవారు. మేమూ కిరాయి సైకిలుకు వేపకొమ్మ కట్టి షాపాయనతో చీవాట్లు తిన్నాం. ఆ కథలో దోస్తు సగం దాకే ఉండేవాడు. తర్వాత ఏమయ్యాడని అడగాలని మాకు ఎన్నడూ తోచలేదు. సైకిలు ఉండగా మాకు దోస్తుతో ఏం పని?

ఒక ఆదివారం చిక్కడపల్లిలో గంట కిరాయికి రెండు సైకిళ్లు తీసుకున్నాం. నాకు పదకొండేళ్లు, తమ్ముడికి ఎనిమిది. నారాయణగూడ దగ్గర వాడి చైను ఊడింది. ఎక్కించడం ఇద్దరికీ రాదు. గంటలో ఇంకా పావుగంట మిగిలే ఉంది, నా కాళ్లు ఆగడం లేదు. "ఈడనే నిలబడు, ఒక్క చక్కర్ కొట్టి ఇప్పుడే వస్త" అని చెప్పి తొక్కుకుంటూ పోయాను. చుట్టూ తిరిగి వేరే గల్లీలోంచి వచ్చి, సైకిలు షాపులో ఇచ్చేసి ఇంటికి చేరాను. వాడే వస్తాడులే అనుకున్నానని అమ్మతో చెప్పాను గానీ అది అబద్ధం. నిజానికి వాడు నాకు గుర్తే లేడు.

చీకటి పడుతుండగా మామయ్య వాడిని వెతికి తీసుకొచ్చారు. అప్పటికి గంటసేపటి నుంచి వాన. గ్రీజు చేతులతో కళ్లు తుడుచుకుని వాడి మొహమంతా నలుపు. పక్కనే షెడ్డు ఉన్నా దాని కిందికి కూడా పోలేదట, అక్క ఈడనే నిలబడమన్నదని.

అమ్మ చెయ్యెత్తింది. మామయ్య ఆపి, నన్ను వాళ్ల అరుగు మీదికి తీసుకెళ్లారు. తిడతారనుకున్నాను. ఆయన నేపాల్ చెప్పారు.

"మా దోస్తుకు జరమొచ్చింది బిడ్డా. తొవ్వల ఒక చాయ్ హోటల్ల పండవెట్టిన. ఇంకో కొండెక్కితే మంచుకొండలు కనవడ్తయన్నరు. పొద్దుమీకేసరికి వస్త అని వానికి చెప్పి వోయిన. కొండ ఇరిగి తొవ్వ మీద పడ్డది. మూడు దినాలకు గానీ రాలేకపోయిన."

ఆయన తిరిగొచ్చేసరికి దోస్తు పోయాడు, అక్కడివాళ్లు ఏటి ఒడ్డున దహనం కూడా చేసేశారట. హోటల్ ముసలమ్మ మామయ్య చెయ్యి పట్టుకుని, అతను పోయేముందు చాలాసేపు మాట్లాడాడని సైగలతో చెప్పిందట. "తెలుగుల మాట్లాడిండు. ఆడ ఎవ్వలకు తెలుగు రాదు. ఏమన్నడో ఇగ ఎవ్వలకు తెల్వది" అన్నారు.

మంచుకొండలు చూసినవా మామా అని అడిగాను. ఎందుకడిగానో, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"చూసిన బిడ్డా" అన్నారు. "మంచిగనే ఉండె."

ఆ తర్వాత ఆయన అరుగు మీద నేపాల్ మాట మళ్లీ రాలేదు. నవ్వుతూ చెప్పుకోగలిగిన సగాన్ని నా కోసం పాడు చేసుకున్నారని పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. ఆ రోజు రెండు దెబ్బలు వేసి వదిలేస్తే మర్నాటికి మరిచిపోయేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

పోయినేడు తమ్ముడు ఆసుపత్రిలో పడ్డాడు. ఇంటికి పోయి స్నానం చేసి రమ్మని అందరూ అన్నారు. నేను కదల్లేదు. ఈ వయసులో ఇంత మొండితనమేందని మరదలు విసుక్కుంది. మూడో రోజు మధ్యాహ్నం వాడు కళ్లు తెరిచి, "అక్కా, జర ఫ్యాన్ తగ్గియ్యి" అన్నాడు. లేచి తగ్గించాను. పోయేదాకా వాడు మళ్లీ మాట్లాడలేదు. పెద్ద మాటేమీ కాదు, కానీ విన్నాను. ఇంత ఏడుపులో నాకున్న ఊరట అదొక్కటే. అది మామయ్య పెట్టిన భిక్ష.